విద్యుద్విశ్లేషణ శబ్దవిచారము

మన పాఠశాలల రసాయనశాస్త్రమున స్థిరపడిన పారిభాషికపదములలో విద్యుద్విశ్లేషణ మొకటి. ‘విద్యుత్తుచేత విశ్లేషణము’ అని దీనికి తృతీయాతత్పురుషముగా విగ్రహము చెప్పుదురు. ఉప్పును వేఁడిచేత కరఁగించియో, నీటిలో కలిపియో, అందు రెండు కడ్డీలను నిలిపి విద్యుత్తును పంపినయెడల ఆ యుప్పు రెండు భాగములుగా విడిపోయి, ఒక్కొక్క భాగ మొక్కొక్క కడ్డీని చేరు నని బాలురు నేర్చుకొందురు. పదమును చూచినను పాఠమును చూచినను విడఁదీయుపని విద్యుత్తుదే యని తోఁచును. ఆ తృతీయావిభక్తి యెంతవఱకు నిలుచునో విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఐరోపాఖండమున నీ ప్రశ్నమీఁద నేఁబది యేండ్లకు పైగా వాదము జరిగెను. 1887లో నది యొక కొలికికి వచ్చినది. పదము మాత్రము 1834 నాఁటిది. ఆనాఁటి యూహయే నేఁటికిని దానియందు నిలిచియున్నది.

ఇది శబ్దమునకు సంబంధించిన విచారము గనుక, ఆ శబ్దము వినఁబడు చోటు నొకదానిని దృష్టియం దుంచుకొనుట మేలు. రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్టణ మందులకు తగినది. (కృష్ణాతీరమున విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్టణము వేఱు.) హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు బాటమీఁద నున్న యీ యూరి పేరును, ఊరి పెద్దచెఱువును, 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షాహును స్మరింపఁజేయును. మన కవులు మల్కిభరాముఁ డని పిలిచిన ప్రభు వీతఁడే. రాజ్యమునకు రాకపూర్వము విజయనగరమున రామరాయల యాశ్రయమున నుండి తెలుఁగు నేర్చినవాఁడు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఈతనికే యంకిత మిచ్చెను. ఈతని యధికారి, పటాన్‌చెరువునందుండిన అమీన్‌ఖానునకు పొన్నిగంటి తెలగనార్యుఁడు యయాతిచరిత్రము నంకిత మొసఁగెను. అచ్చతెనుఁగున వెలసిన కావ్యములలో నది మొదటిదిగా ప్రసిద్ధము. సంస్కృతపదము లన్నిటిని విడిచి కావ్యము చెప్పఁబూనిన కవి యడుగడుగునకు క్రొత్తమాట గూర్పవలసివచ్చును. శాస్త్రపరిభాషను నిర్మించువాని కష్టమును నట్టిదే. ఈ ప్రాంతమున నా కష్టము నేఁటిది కాదని చెప్పుటకే యీ ప్రసంగము.

నైజాము పాలనలో నీ ప్రాంతపు విద్యార్థి ఉన్నతవిద్యకు పోయినప్పుడు రసాయనశాస్త్రమును ఉర్దూలో చదివెను. 1917లో హైదరాబాదున దారుత్తర్జుమా యను భాషాంతరీకరణశాఖ యేర్పడినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపఁబడి, 1919లో తరగతు లారంభమయ్యెను. మౌల్వీ అబ్దుల్ హఖ్ మొదట నా శాఖకు నాయకుఁడు. శాస్త్రగ్రంథములను తర్జుమా చేయుటకు ముందు మాటలను నిర్ణయింపవలసి వచ్చినది. అందులకై సంఘములు కూర్చుండెను. వహీదుద్దీన్ సలీం 1921లో పరిభాషానిర్మాణమును గుఱించి ‘వజె ఇస్తిలాహాత్’ అను గ్రంథమునే ప్రకటించెను. ఉర్దూలో మన పదమునకు సమానముగా నిలిచినది ‘బర్ఖ్ పాషీదగీ’. బర్ఖ్ అనఁగా అరబీలో మెఱుపు. పాషీదన్ అను పారసీధాతువునకు చల్లుట, చెదరుట యని యర్థము. మెఱుపుతో చెదరుట యన్నమాట. మనము సంస్కృతమునుండి విద్యుత్తును తెచ్చుకొంటిమి. వారు అరబీనుండి బర్ఖును తెచ్చుకొనిరి. రెండును మెఱుపే. గ్రీకు ‘ఎలెక్ట్రాన్’ మాత్రము మెఱుపు కాదు. రాచినపుడు గడ్డిపరకల నాకర్షించు నంబరు, అనఁగా చెట్టుజిగురు శిలయైన పదార్థము. విషయ మొక్కటియే యైనను ఐరోపావారు నేలమీఁది వస్తువును, మనవారు నింటిమీఁది వస్తువును పేరుగా నెన్నుకొనిరి.

తెలుఁగున శాస్త్రగ్రంథములను వరుసగా ప్రకటించు నుద్యమముకూడ హైదరాబాదుననే పుట్టినది. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు మున్నగువారు 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్ర మా గ్రంథమాలలోనిదే. పుస్తకము తెలుఁగున నున్నను, ఆ రాజ్యపు ఉన్నతవిద్యాలయములలో దానికి చోటు లేకపోయెను. 1956 నవంబరు 1 తరువాత, మఱి ముఖ్యముగా 1968లో తెలుఁగు అకాడమి యేర్పడిన తరువాత, సంస్కృతసమాసములు పాఠ్యపుస్తకములలో దృఢముగా నిలిచినవి. నేఁ డిబ్రహీంపట్టణపు బాలుఁడు పదవతరగతిలో లోహసంగ్రహణపాఠమునకు వచ్చునప్పటికి విద్యుద్విశ్లేషణ మనియు ఎలక్ట్రాలిసిస్ అనియు రెండును వినును. భాషలు మాఱినవి, పేరులోని యూహ మాత్ర మన్ని భాషలలోను నొకటే. అచ్చతెనుఁగున ‘మెఱుపువిడఁదీఁత’ యని కూర్చినను నదియే కలుగును. కాఁబట్టి దోష మున్నచో నది తెలుఁగువారిది కాదు, మూలమునందే వెదకవలెను.

1800లో వోల్టా తన లోహపుబిళ్లల దొంతరను లోకమునకు తెలియఁజేసెను. ఆ యేఁడే లండనునగరమున నికల్సను, కార్లైలు అనువారు దాని తీఁగెలను నీట ముంచి, ఒకచోట ఉదజనియు వేఱొకచోట ప్రాణవాయువును బుడగలుగా వచ్చుట చూచిరి. తరువాత హంఫ్రీ డేవీ పొటాషును విడఁదీయ యత్నించెను. మొదట నతఁడు పొటాషును నీటిలో కలిపి ప్రయోగము చేయఁగా నీటినుండి వచ్చు రెండు వాయువులే వచ్చినవి. 1807 అక్టోబరులో నీటిని విడిచి, కొంచెము చెమ్మగిల్లిన ఘనపొటాషును విద్యుత్తుచేతనే కరఁగునట్లు చేయఁగా పొటాసియము మెఱయుచు వెలువడెను. కొన్నిదినములకే సోడియమును దొరకినది. కరఁగిన లవణము వేఱు, నీటఁ గలిసిన లవణము వేఱు అను భేదము ఆనాఁడే బయటపడినది. మన పాఠములలో నీ భేద మిప్పటికిని కొంత మసకగా నున్నది. దానిని గుఱించి ముందు చెప్పెదను.

ఆ కాలపువారి యూహ యిట్టిది: తీఁగెల కొనలు రెండును అయస్కాంతపు ధ్రువములవంటివి, అవి పదార్థములోని భాగములను చెఱియొక దిక్కునకు లాగి చీల్చును. ధ్రువ మను మాట యిచటినుండియే వచ్చినది. మైకేలు ఫారడే దీనిని నమ్మలేదు. లోహపుకొన ద్రవమును తాఁకకున్నను, నడుమ గాలియో నీరో యున్నను, విడిపోవుట జరుగుచున్న దని యతఁడు ప్రయోగములచేత చూపెను. లాగుటకు ధ్రువమే లేనిచోట లాగుట యెక్కడిది? ఆ కొన యొక ద్వారము మాత్రమే. విద్యుత్తు ద్రవములోనికి వచ్చిపోవు తెరువు మాత్రమే. కాఁబట్టి ‘పోలు’ అను మాటను విడిచి, తెరువు అను నర్థముగల గ్రీకు ‘హొడోస్’ శబ్దముతో ‘ఎలక్ట్రోడు’ అను మాటను గ్రహించెను. పదార్థము సడలుటకు ‘లూసిస్’ అను శబ్దముతో ‘ఎలక్ట్రోలైటు’ మొదలైనవి వచ్చినవి. ఈ మాటల కూర్పున వైద్యుఁడైన విట్లాక్ నికల్ అను మిత్రుఁ డతనికి తోడ్పడెను.

తెరువులు రెండు గనుక రెండు పేళ్లు కావలసివచ్చెను. 1834 ఏప్రిలులో ఫారడే కేంబ్రిడ్జిలోని విలియం హ్యూవెలునకు జాబు వ్రాసెను. హ్యూవెలు భాషావేత్త, తత్త్వవేత్త, శాస్త్రచరిత్రకారుఁడు. ‘సైంటిస్టు’ అను మాటను కల్పించినవాఁడును నితఁడే. భూమియొక్క అయస్కాంతశక్తికి కారణముగా భూమి చుట్టును తూర్పునుండి పడమటికి విద్యుత్తు పాఱుచున్న దని యూహించి, ప్రయోగపాత్రను దానికనుగుణముగా నుంచిన, విద్యుత్తు లోనికి వచ్చు తెరువు తూర్పుదిక్కున, వెడలు తెరువు పడమటిదిక్కున నుండును. సూర్యుఁడు పైకి వచ్చు దిక్కు, క్రిందికి పోవు దిక్కు. హ్యూవెలు ‘ఆనోడు’, ‘కాథోడు’ అను పేళ్ల నిచ్చెను, ఎక్కుడుతెరువు, దిగుడుతెరువు. విద్యుత్తుయొక్క స్వభావమును గుఱించి సిద్ధాంతము రేపు మాఱినను పేరు మాఱనక్కఱలేని విధముగా వారు దిక్కుల నాశ్రయించిరి. ఈ ముందుచూపు ప్రశంసింపఁదగినది. ద్రవములో నడచి తెరువులను చేరు భాగములకు ‘అయాను’ లని పేరిడిరి. దాని యర్థము ‘పోవునది’. ఎక్కుడుతెరువునకు పోవునది ఆనయాను. దిగుడుతెరువునకు పోవునది కాటయాను.

ఇచట సంస్కృతజ్ఞుల కొక యానంద మున్నది. గ్రీకు ‘ఇయాన్’ అనునది ‘పోవు’ ధాతువునకు వర్తమానకృదంతము, నపుంసకలింగము. మన ‘ఇణ్ గతౌ’ ధాతువునకు శత్రంతనపుంసకరూపము ‘యత్’. ఈ రెండును భాషాశాస్త్రమున సోదరశబ్దములు. ధాతు వొక్కటే, ప్రత్యయము నొక్కటే. ఆ ధాతువునుండియే మనకు అయన మను శబ్దము వచ్చినది. ఉత్తరాయణము దక్షిణాయన మని దినచర్యలో వాడుకొనుచుండఁగా, ‘అయాను’ మనకు పరాయిమాట యనుట యెట్లు? పాఠ్యపుస్తకములవా రా మాటను తెలుఁగు చేయక యట్లే నిలుపుట నా యభిప్రాయమున మేలే యైనది.

ధ్రువశబ్దమును గుఱించి యట్లు చెప్పఁజాలను. మన పుస్తకములలో నెలక్ట్రోడునకు విద్యుద్ధ్రువ మనియు, ఆనోడు కాథోడులకు ధనధ్రువము ఋణధ్రువ మనియు వాడుట కలదు. ఫారడే యే మాటను కావలె నని త్రోసివేసెనో, ఆ మాటనే మనము సంస్కృతీకరించి యాదరించితిమి. ధ్రువ మనఁగానే బాలుని మనస్సున అయస్కాంతము మెదలును. అయస్కాంత మనఁగానే లాగుట, చీల్చుట. 1834లో పూడ్చఁబడిన యూహ యీ ద్వారమున మరల తరగతిలోనికి వచ్చుచున్నది.

అయినను ఫారడే తానును సగమే దాఁటెను. కొనలు లాగునను మాటను ఖండించెనేగాని, విద్యుత్తు పాఱుటవలననే పదార్థము లోలోపల విడిపోవు నని నమ్మెను. విద్యుత్తు ఆఁగిన విడిపోవుటయు నాఁగును. అయానులు విద్యుత్తుచేత పుట్టి విద్యుత్తుతో నడచును. ‘ఎలక్ట్రాలిసిస్’ అను మాటలో నున్న తృతీయార్థ మిదియే. కొలతల విషయమున నతని నియమము లిప్పటికిని చెక్కుచెదరలేదు. 96,485 కూలుంబుల విద్యుత్తు పోయినయెడల 23 గ్రాముల సోడియముగాని, 35.5 గ్రాముల క్లోరినుగాని, 31.8 గ్రాముల రాగిగాని వెలువడును. ఒక ఆంపియరు చొప్పున నంత విద్యుత్తు పోవుటకు దాదాపు 26.8 గంటలు పట్టును. ఆ లెక్కలయం దొక రహస్య మిమిడియుండెను. విద్యుత్తు నాణెములవలె నెంచఁదగిన తునకలుగా నున్న దని దానివలన తోఁచును. 1891లో స్టోనీ యా తునకకు ‘ఎలక్ట్రాను’ అని పేరు పెట్టెను. అది వస్తువుగా కనఁబడుటకు 1897లో జె. జె. థామ్సను ప్రయోగములు కావలసివచ్చెను.

ఫారడే నమ్మికకు మొదటి గట్టిదెబ్బ 1857లో క్లాసియుసు వేసెను. అతని తర్కము పాఠశాలలో సైతము చెప్పఁదగినంత సులభమైనది. విద్యుత్తే యణువులను చీల్చునది యైనచో, చీల్చుటకు వలయు బలము చేరువఱకు నొక్క బిందువైనను విద్యుత్తు పాఱకూడదు. ఆ బలము చేరినంతనే కట్ట తెగినట్లు పాఱవలెను. అట్లు జరుగుట లేదు. మయిలుతుత్తపు నీటిలో రెండు రాగిరేకుల నుంచినచో, ఎంత స్వల్పమైన బలమునకైనను దానికి తగిన స్వల్పప్రవాహము కలుగును; బలము రెండింతలైన ప్రవాహమును రెండింతలగును. కాఁబట్టి నడుచువారు ముందే యక్కడ నున్నారు; విద్యుత్తు వారికి దారి చూపుచున్నది, అంతే. రాగిరేకులకు బదులు బొగ్గుకడ్డీల నుంచినచో నొక మేర బలము లేక ప్రవాహము సాగదు గదా యని యుపాధ్యాయులు ప్రశ్నింపవచ్చును. ఆ యడ్డు ద్రవములో లేదు. కడ్డీల యంచున నున్నది. అచట క్రొత్త పదార్థములు పుట్టవలసియున్నందున నా వెల చెల్లింపవలయును. ద్రవము నడుమ నెట్టి సుంకమును లేదు.

క్లాసియుసు విడిపడిన యణువులు బహుకొద్ది యనుకొనెను. హిట్టార్ఫు 1853 మొదలు 1859 వఱకు అయానులు వేర్వేఱు వేగములతో నడచు నని కొలిచి చూపెను. స్వీడను దేశస్థుఁడైన స్వాంటె అరేనియుసు 1884లో ఉప్సాల విశ్వవిద్యాలయమున నీ విషయముపై సిద్ధాంతవ్యాసము సమర్పించెను. పరీక్షకులు దానికి తక్కువశ్రేణి నిచ్చిరి. 1887లో నతఁడు తన మతమును పూర్ణముగా ప్రకటించెను: లవణము నీట కలిసినంతనే, విద్యుత్తు పేరెత్తకముందే, అయానులుగా విడిపోయి యుండును. ఇందులకు బలమైన సాక్ష్యము విద్యుత్తునకు సంబంధించినదే కాదు. నీటిలో నేదైనను కరఁగినప్పుడు నీరు గడ్డకట్టు నుష్ణత తగ్గును. ఎన్ని కణములు కలిసిన నంత తగ్గును. చక్కెరతో పోల్చినచో, సమానసంఖ్యగల యణువులను తీసికొన్నను ఉప్పు దాదాపు రెండింతలు తగ్గించును. ఒక్క యుప్పు రెండుగా నైనదన్నమాట. ఆ ప్రయోగమున నెచటను విద్యుత్తు లేదు. మఱియు నే క్లోరైడు నీటిలోనైనను వెండినైట్రేటును కలుపఁగా తెల్లని మడ్డి యొక్కతీరుననే దిగును. అది సోడియముదా, పొటాసియముదా యని మడ్డికి పట్టదు. పలుచని రాగిలవణముల నీళ్లన్నియు నొక్క నీలిరంగునే యుండును. చెలికాఁడెవఁడైనను అయాను తన గుణమును మార్చుకొనుట లేదు. ఏలయనఁగా నతఁడు చెలికానితో లేఁడు.

ఆనాఁటి రసాయనజ్ఞు లడిగిన ప్రశ్ననే మన తరగతులలో తెలివిగల పిల్లవాఁ డెవఁడైన నడుగును. సోడియము నీట పడిన మండును. క్లోరిను విషవాయువు. ఈ రెండును ఉప్పునీట స్వేచ్ఛగా నున్నచో మన మా నీటి నెట్లు చప్పరించుచున్నాము? దీనికి సమాధానము మన భాషయే సిద్ధముగా నుంచినది. ధనము, ఋణము అను పేళ్లు గణితమునుండి వచ్చినవి. 628 నాఁటి బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున బ్రహ్మగుప్తుఁడు ధనఋణరాసుల లెక్కలకు నియమములు చెప్పెను. క్లోరిను సోడియమునుండి యొక యెలక్ట్రాను నప్పు తెచ్చుకొన్నది. అందుచేత నది ఋణాయాను. సోడియము తన యెలక్ట్రానును బయట నిచ్చియున్నది, అది ధనాయాను. అప్పు చేయకముందటి మనుష్యుఁడును, అప్పు తలపై నున్న మనుష్యుఁడును పేరు నొక్కటే యైనను ఒక్క నడవడి కలవారు కారు. సోడియలోహము మండును, సోడియ మయాను మండదు. ఎలక్ట్రానును గుఱించి యేమియు తెలియని కాలమున నెన్నుకొన్న యీ పేళ్లు, ఋణాయానువద్ద నితరుల సొమ్మున్నదను నిజమునకు సరిగా నమరుట యాశ్చర్యము. ఇది యాదృచ్ఛికమే, యైనను ఉపాధ్యాయునకు మిక్కిలి యుపకరించును.

అరేనియుసునకు 1903లో నోబెలు బహుమానము లభించినది. వాద మంతటితో ముగియలేదు. 1913లో బ్రాగు ఎక్స్ కిరణములతో ఉప్పుపలుకు నిర్మాణమును కనుగొనెను. అందు సోడియము, క్లోరిను చదరంగపు పలకపై తెలుపు నలుపు గళ్లవలె నొకటివిడిచి యొకటిగా మూఁడు దిక్కులందును పేరుకొని యున్నవి. ఒక్క సోడియమునకు ఒక్క క్లోరిను జత యను యణు వెచటను లేదు. అనఁగా నీట పడకముందే, పొడియుప్పునందే, అవి యయానులు; స్థలమున బంధింపఁబడియున్నవి, అంతమాత్రమే. ఆంగ్లదేశమున పాఠశాలలలో రసాయనమును ప్రయోగపూర్వకముగా బోధింపవలె నని జీవితమంతయు పోరాడిన హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగు దీనిని సహింపలేక, 1927లో నేచరు పత్రికలో ‘పాప ముప్పు’ అను భావముగల శీర్షికతో నెగతాళి చేసెను. బోధనయం దంత నవ్యుఁడైనవాఁడు సిద్ధాంతమునం దంత ప్రాచీనుఁడగుట విచిత్రమే. మన దేశమునుండి జ్ఞానచంద్రఘోషు 1918 ప్రాంతమున, తీవ్రలవణములు నీట సంపూర్ణముగా విడిపోవు నను పక్షమున సిద్ధాంతమును ప్రతిపాదించెను. అతని గణితము తరువాత నిలువకపోయినను, 1923లో డిబై, హ్యూకెలు నిర్మించిన సిద్ధాంతమునకు సంపూర్ణవియోజన మను భావమే పునాదియైనది.

ఇఁక విద్యుత్తు నిజముగా చేయు పని యేది? అప్పు తీర్చుట. ఆనోడువద్ద క్లోరైడు తన యెలక్ట్రాను నప్పగించి క్లోరినుగా వెడలును. ఆ యెలక్ట్రాను తీఁగె వెంట తిరిగివచ్చి కాథోడువద్ద సోడియమునకు ముట్టును. బ్యాటరీ నడుమ నుండి బలవంతముగా నీ ఋణవిమోచనము చేయించును. దాని శక్తి యీ పనికే వ్యయమగును. నడిపించుట రెండవ పని. విడఁదీయుట దాని పని కాదు. అది నీరో వేఁడియో ముందే చేసియున్నది. 801 డిగ్రీల సెంటిగ్రేడులో ఉప్పు కరఁగి బంధనము సడలును. కాల్షియక్లోరైడు కలిపిన 600 డిగ్రీల ప్రాంతముననే పని జరుగును. మొత్తముమీఁద చూచిన ఉప్పు పోయి సోడియమును క్లోరినును వచ్చుచున్నవి గనుక విశ్లేషణ మనుట యసత్యము కాదు. అయితే లెక్కపుస్తకపు చివరిమొత్తము వేఱు, లోని పద్దులు వేఱు.

నీటిలో కలిపిన ఉప్పు విషయమున చివరిమొత్తమే మాఱును. కాథోడువద్ద సోడియమునకంటె నీరే సులభముగా నెలక్ట్రానును గ్రహించును. ఉదజని వెలువడును; సోడియ మయాను అయానుగనే మిగిలి, నీటినుండి పుట్టిన హైడ్రాక్సైడుతో కలిసి దాహకసోడా యగును. గోదావరియొడ్డున కొవ్వూరులో దాహకసోడా చేయు కర్మాగార మీ తత్త్వముమీఁదనే నడచుచున్నది. డేవీ 1807లో తెలిసికొన్న యీ భేదమును విస్మరించి, ఉప్పునీటినుండి సోడియము వచ్చు నని వ్రాసిన జవాబుపత్రములను చూడని యుపాధ్యాయుఁ డుండఁడు. దోషము బాలునిది కాదు. విద్యుత్తు విడఁదీయు నని చెప్పిన పదమే యతని నట్లు నడిపినది. విడఁదీయుచో నున్న రెండే రావలె గదా!

అట్లయిన పదమును మార్పవలెనా? అక్కఱలేదని నా తలంపు. శ్లిషధాతువునకు ఆలింగన మర్థము. విశ్లేష మనఁగా కౌఁగిలి వీడుట. కావ్యములలో నెడఁబాటునకు నీ మాట వాడుదురు. ఎడఁబాటు చీలుట కాదు, దూరమగుట. ఈ యర్థమున విద్యుత్తు చేయునది విశ్లేషణమే: ముందే సడలిన రెంటి నది చెఱియొక దిక్కునకు పంపుచున్నది. సడలుటకు మన పరిభాషలో వియోజన మని మాట సిద్ధముగా నున్నది. వియోజనము నీటిది లేక వేఁడిది, విశ్లేషణము విద్యుత్తుది. ఈ రెండు మాటల యెల్ల గట్టిగా నిలిపి, వియోజనపాఠమును ముందును విశ్లేషణపాఠమును వెనుకను చెప్పినచో తృతీయావిభక్తికి భంగము రాదు. వియోజనమునకు ముందు విద్యుచ్ఛబ్దమును తగిలించి ‘విద్యుద్వియోజన’ మనుట మాత్రము మానవలెను. అరేనియుసే తన సిద్ధాంతమునకు నట్టి పేరు పెట్టి చదువరులను తికమక పెట్టెను. మన మతని పొరపాటును సమాసముచేసి కాపాడనక్కఱలేదు. ధ్రువశబ్దమునకు మాఱుగా నెలక్ట్రోడు, ఆనోడు, కాథోడులనే యుంచుట మేలు. తెలుఁగే కావలెనన్న తెరువు కలదు.

వియోజనమునకు విద్యుత్తుతో పని లేదనుటకు ఇబ్రహీంపట్టణపు విద్యార్థికి ప్రయోగశాలకంటె దగ్గఱి నిదర్శన మున్నది. అతని యూరి బాట ఆగ్నేయముగా దిగుచు నల్లగొండజిల్లాలో ప్రవేశించును. అచటి నల్లరాతినేలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు బావినీటిలోనికి దిగును. దక్షిణదేశమున ఫ్లోరైడు జబ్బును 1937లో నెల్లూరుప్రాంతమున వైద్యులు గుర్తించి ప్రకటించిరి. నల్లగొండను గుఱించి సిద్దీఖీ అను వైద్యుఁడు 1955లో బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసెను. తాఁగు నీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరా దని ప్రపంచారోగ్యసంస్థ నియమము. మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారి పండ్లు గోధుమచారలు తేలును, వెన్నెముక బిగియును, కాళ్లు వంకరలు పోవును. ఎముకలోను పంటిలోను నుండు ఖటికఖనిజమునందలి హైడ్రాక్సైడు తావును ఫ్లోరైడు ఆక్రమించుటయే యిందులకు మూలము. ఆ పని చేయునది ఫ్లోరిను వాయువు కాదు, రాతిలోని ఖనిజపుఁబలుకు కాదు. నీట విడివడి తిరుగు అయాను. ఆ బావిలో బ్యాటరీ లేదు, ఆనోడు లేదు, కాథోడు లేదు. నాగపురమునందలి జాతీయపర్యావరణ పరిశోధనసంస్థవారు రూపొందించిన ‘నల్లగొండవిధాన’ మను పద్ధతిలో సున్నమును పటికయు నీటిలో కలిపి కలియఁబెట్టుదురు. పటికలోని అల్యూమినియము తెట్టెగా నేర్పడి ఫ్లోరైడు అయానులను తనతో పట్టుకొని యడుగునకు దిగును. పైతేటను వడియఁగట్టి త్రాగుదురు.